బాపు కంటి నరం మీద వాపు, సూదులు అంటున్నరు – అనుభవం ఉన్నోళ్లు చెప్పండ్రి

కొత్తవాడ_మగ్గం | 8 జూన్, రాత్రి 9:52

అందరికి నమస్తే. మాది వరంగల్ కొత్తవాడ. మా బాపుకు 61 ఏండ్లు, జంపఖానలు నేస్తడు. షుగర్ 13 ఏండ్ల సంది ఉంది, బీపీ గూడ ఉంది.

మూడు నెలల కింద పడుగు పోగులు వంకర పోతున్నయని మొదలువెట్టిండు. మగ్గం తప్పనుకొని పడుగు మళ్లీ బిగించిండు. సాయంత్రానికి మళ్లీ గదే మాట. నేను పోయి చూస్తే పోగులు తీగ లెక్క సాఫుగ ఉన్నయి. "నడుమల వంగుతున్నయి చూడురా, నీళ్లల్ల కట్టె వెడ్తె వంగినట్టు" అన్నడు. అప్పుడు గూడ మాకు కన్ను మీద అనుమానం రాలె. ఎరుపు పేక వెయ్యాల్సిన కాడ మెరూన్ వేసి ఒక జంపఖాన ఖరాబు చేసినంక అద్దాల దుకాణంకు తీస్కపోయినం. కొత్త అద్దాలు ఇచ్చిండు. నెలకు నంబర్ మార్చిండు. ఇంకో నెలకు మళ్లీ మార్చిండు. షుగర్ ఉందా అని ఒక్కసారి అడగలె, మేమూ చెప్పలె.

మొన్న రెటీనా డాక్టర్‌కు చూపెట్టినం. చుక్కలేసి చూసి, స్కాన్ తీసి, షుగర్‌తోటి కంటి నరం మీద నీరు చేరి వాపొచ్చింది అన్నరు. చూపు కుడికన్ను 6/36, ఎడమది 6/9 (6/6 ఉంటే మంచి చూపట). ఓసీటీ అనే ఆ స్కాన్ల కుడి 468, ఎడమ 271 అని ఉంది. మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) 9.8. నెలకొక సూది, ముందుగాల మూడు, తర్వాత చూసి చెప్తం అన్నరు.

సూది అంటే కంట్లనేనా? బాపు విన్న కాడ్నించి అన్నం సరిగ్గ తింటలేడు. సూదులైనంక మగ్గం ఎక్కుతడా? తిండి ఏం వెట్టాలె? ఎవరికన్న అయ్యుంటే దాచకుండ చెప్పండ్రి.

---

నయీంనగర్_అక్క | 8 జూన్, రాత్రి 10:31

తమ్మీ, అవును, కంట్లోనే. నాకు రెండు కండ్లకు కలిపి ఇప్పటికి 11 అయినయి. కూర్చుని మామూలుగా టైప్ చేస్తున్న, కాబట్టి ముందు బాపుకు ఈ ముచ్చట చెప్పు.

ఎట్ల చేస్తరంటే, మొద్దుబారే చుక్కలు రెండు మూడు సార్లు వేస్తరు. తర్వాత గోధుమరంగు అయోడిన్ మందుతో రెప్పలు, కన్ను కడుగుతరు. మొఖం మీద గుడ్డ కప్పి, రెప్ప మూయకుండా చిన్న క్లిప్పు పెడతరు. "పైకి చూడండి" అంటరు. నల్లగుడ్డు పక్కన తెల్లగుడ్డులో దిగుతది సూది, కాబట్టి సూది ఎదురుగ్గా వస్తున్నట్టు కనబడదు. నాకు తెలిసింది ఒక్క నొక్కుడు మాత్రమే. అయిదారు సెకన్లు. నిజం చెప్పాలంటే సూది కన్న క్లిప్పు చికాకు, క్లిప్పు కన్న అయోడిన్ మంట. ఆ రాత్రంతా కంట్లో ఇసుక పడ్డట్టు ఉంటది. అది సూది నొప్పి అనుకొని భయపడతరు, కాదు.

రెండు సంగతులు ముందే చెప్పి పెట్టు. తెల్లగుడ్డు మీద రక్తం మరక వస్తది, వారం పది రోజుల్ల పోతది. చూపుల నల్లటి బుడగలు తేలుతయి, నాకు మొదటిసారి అద్దం మీద ఈగ అనుకొని తోలిన. అవి గూడ పోతయి.

భయపడాల్సింది వేరే. రెండో రోజో, మూడో రోజో, వారంలోపు ఎప్పుడైనా నొప్పి తగ్గకుండా పెరుగుతుంటే, ఎరుపు ఎక్కువైతుంటే, చూపు మసకబారుతుంటే పొద్దునదాకా ఆగొద్దు, ఫోన్ చేసి అదే రాత్రి పోవాలె. లోపల ఇన్ఫెక్షన్ వస్తే గంటలు కూడా లెక్కనే. చాలా అరుదు, కానీ తెలిసుండాలె.

ఇంకోటి, బాపుకు ఈ మధ్య గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చి ఉంటే సూదికి ముందే డాక్టర్‌కు చెప్పండి.

---

కాజీపేట_లోకో | 9 జూన్, ఉదయం 6:05

నేను రైలు బండి నడిపినోన్ని. 2016ల మెడికల్‌ల ఏ-వన్ (రైలు నడిపేటోళ్లకు కావాల్సిన గ్రేడు) పోయింది, గప్పుడు తెలిసింది నా కండ్లల్ల ఏముందో. అప్పటిదాక సిగ్నల్ మంచిగనే కనబడేది. గిది దొంగ రోగం తమ్మి. నొప్పి ఉండది, ఎరుపు ఉండది, నీళ్లు కారయి. తెలిసేనాటికి సగం సామాను పోయి ఉంటది.

నాకు సూదులు కాదు, లేజర్ చేసిండ్రు. కొత్త రక్తపు నరాలు పుట్టినయట, అవి పగిలితే కన్నంత రక్తం అన్నరు. మూడు సిట్టింగులు. ఫ్లాష్ కొట్టినట్టు వందలసార్లు వెలుగు, చివరి సిట్టింగ్ల కన్ను వెనుక పోటు లేసింది. దాంతోటి నా చూపు పెరగలె. ఉన్నది నిలబడ్డది. సీకట్ల మాత్రం చూపు తగ్గింది, పక్కల చూపు కొంచెం పోయింది. ముందే చెప్పిండ్రు, చెప్పే చేసిండ్రు. ఇప్పుడు పొద్దు గూకినంక బండి ముట్టను. భద్రకాళి బండ్ మీద వాకింగ్ గూడ తెల్లగ తెల్లారినంకనే.

---

కరీంనగర్_ఆప్టో | 9 జూన్, మధ్యాహ్నం 1:40

నేను ఆప్టోమెట్రిస్టును, అంటే చూపు పరీక్ష చేసే మనిషిని, డాక్టర్‌ను కాదు. ఓసీటీ తీసే గదిలో 14 ఏళ్లుగా ఉన్నాను కాబట్టి రిపోర్టు గురించి చెప్తాను.

ఆ 468, 271 అనేవి మైక్రాన్లు. రెటీనా అంటే కంటి వెనక ఉండే తెర, దాని నడిమధ్యన మాక్యులా అనే చోటు ఉంటుంది. చదువు, దారం పోగు, మనిషి ముఖం అన్నీ దానితోనే చూస్తాం. అక్కడ మందం మామూలుగా 250 అటూ ఇటూ ఉంటుంది, మిషన్‌ను బట్టి కొద్దిగా మారుతుంది. షుగర్ వల్ల సన్న రక్తనాళాల గోడలు బలహీనపడి లీకవుతాయి, ఆ నీరు మాక్యులాలో నిలిస్తే అది దూదిలా ఉబ్బుతుంది. ఉబ్బిన తెర మీద గీత వంకరగానే పడుతుంది. మీ నాన్నగారు చెప్పిన నీళ్లల్లో కట్టె పోలిక అక్షరాలా నిజం.

మేం ఇంటికి ఇచ్చే గళ్ల కాగితం ఒకటి ఉంటుంది, ఆమ్స్‌లర్ గ్రిడ్ అంటారు. మీ ఇంట్లో అంతకన్నా మంచిది ఉంది, పడుగు. ఒక కన్ను అరచేత్తో మూసి, అద్దాలు పెట్టుకొని, పోగుల మధ్య ఒక చోటే చూపు నిలపమనండి. తర్వాత రెండో కన్ను. రెండు కళ్లూ తెరిచి చూస్తే బాగున్న కన్ను బాగాలేని కన్నును కప్పేస్తుంది. ఎడమ కన్ను 6/9 ఉండబట్టే ఇన్నాళ్లు గడిచింది.

మందుల సంగతి. ఈ సూదులన్నీ వీఈజీఎఫ్ అనే పదార్థాన్ని అడ్డుకుంటాయి, లీకును అదే పెంచుతుంది. బెవాసిజుమాబ్ అసలు క్యాన్సర్ మందు, చిన్న మోతాదుగా విడగొట్టి కంటికి వాడతారు, అన్నిటికంటే చవక. రానిబిజుమాబ్‌కు 2015 నుంచి మన దేశంలో తయారైన బయోసిమిలర్ (ఒరిజినల్‌కు దగ్గరి పోలికతో చేసిన మందు) ఉంది, ఒరిజినల్ కంటే తక్కువ ధర. అఫ్లిబెర్సెప్ట్ ఖరీదు. చూపు కొద్దిగానే తగ్గినవాళ్లలో మూడూ దాదాపు సమానంగా పనిచేస్తాయి, చూపు బాగా పడిపోయిన కంట్లో మొదటి ఏడాది అఫ్లిబెర్సెప్ట్‌ది పైచేయి అని 2015లో వచ్చిన పెద్ద పోలిక పరీక్షలో తేలింది. మీ నాన్నగారి కుడికన్ను ఆ రెండో రకం. అయితే ఖరీదైనది ఒకటి వేయించుకొని ఆగిపోవడం కంటే చవకది వరుసగా వేయించుకోవడం మేలు. ఈ మాట డాక్టర్‌తో దాపరికం లేకుండా మాట్లాడండి, పైసలు ఇంతే ఉన్నాయని చెప్పడానికి మొహమాటపడొద్దు.

వరంగల్‌లోనే ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. హైదరాబాద్ పోతే మెహదీపట్నంలో సరోజినీ దేవి, బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ ఉన్నాయి. ఎల్.వి. ప్రసాద్‌లో పైసలు కట్టలేనివాళ్లకు వేరే విభాగం ఉంటుంది. ఆరోగ్యశ్రీ సంగతి దవాఖానలో ఆరోగ్యమిత్రను అడగండి.

---

మానుకోట_మిర్చి | 9 జూన్, రాత్రి 8:15

మా ఊర్ల కంటి వెలుగు అప్పుడు అమ్మకు అద్దాలిచ్చిండ్రు, కండ్లు మంచిగున్నయి అన్నరు. మళ్ల డాక్టర్ ఎందుకు?

---

కరీంనగర్_ఆప్టో | 9 జూన్, రాత్రి 8:50

2018 ఆగస్టు 15న మొదలైనప్పుడూ, 2023లో రెండో విడతలోనూ ఎంతోమందికి దగ్గర చూపు అద్దాలు అందాయి, మంచి పనే. కానీ అద్దాల పరీక్ష వేరు, చుక్కలేసి కంటిపాప పెద్దది చేసి లోపలి తెర చూడటం వేరు. అమ్మకు షుగర్ ఉంటే ఏడాదికోసారి రెండోది కావాలి. చుక్కలు వేసిన రోజు నాలుగైదు గంటలు మసకే, ఎండ కొడుతుంది, తోడు మనిషి ఉండాలి.

---

ములుగు_తమ్ముడు | 10 జూన్, ఉదయం 7:20

ఇన్ని వేలు ఎందుకు అన్న. మా దిక్కు ఒకాయన ఆకు పసరు పోస్తడు, మూడు ఆదివారాలు. మా మామకు పొరలు పోయినయి. పొన్నగంటి కూర తింటే గూడ కండ్లకు మంచిది అని పెద్దలు ఊకెనే అన్నరా?

---

నయీంనగర్_అక్క | 10 జూన్, ఉదయం 7:48

పొన్నగంటి కూర శుభ్రంగా తినండి, పప్పుల వేసుకోండి. కంట్లో పోయకండి. మా చిన్నమ్మకు పసరు పోస్తే నల్లగుడ్డు మీద పుండయ్యి తెల్లమచ్చ పడ్డది, ఆ కన్ను ఇప్పటికీ అంతే.

---

కరీంనగర్_ఆప్టో | 10 జూన్, మధ్యాహ్నం 2:10

పైన పోసిన ఏ చుక్కా, పసరైనా మందు షాపుదైనా, వెనక ఉన్న తెర దాకా పోయి ఈ వాపు తీయదు. అందుకే గదా సూది. మీ మామగారిది ఏ పొరో చూసినవాళ్లెవరూ లేరు.

అడగకముందే ఇంకోటి. మెడికల్ షాపులో "కంటి నరాల బలానికి" అని ల్యూటీన్ గోలీలు అంటగడతారు. ల్యూటీన్, జింక్, విటమిన్ సి, విటమిన్ ఇ కలిపిన ఆ మందు వయసుతో వచ్చే మాక్యులా జబ్బులో ఒక దశ దాటినవాళ్ల కోసం పరీక్షించింది. షుగర్ వాపుకు అది మందు కాదు. ఆ డబ్బు షుగర్ మిషన్ స్ట్రిప్పులకు పెట్టండి.

---

ములుగు_తమ్ముడు | 10 జూన్, మధ్యాహ్నం 3:02

సరే. మామను ఒకసారి చూపిస్త. కోపానికి రావద్దు.

---

కొత్తవాడ_మగ్గం | 17 జూన్, రాత్రి 8:30

నిన్న సోమవారం మొదటి సూది అయ్యింది. అక్క చెప్పినట్టే. బయటికొచ్చి "గింతేనా, దీనికా గింత లొల్లి" అన్నడు. రాత్రి మాత్రం మండుతుందని పడుకోలె. ఇయ్యాల కన్ను ఎర్రగ ఉంది గని నొప్పి లేదు.

ఇప్పుడు తిండి ముచ్చట చెప్పండ్రి. అవ్వ అన్నం బంద్ వెట్టింది. రెండు పూటలు జొన్నరొట్టెనే, పూటకు నాలుగు. షుగర్ తగ్గుతలేదు.

---

నయీంనగర్_అక్క | 17 జూన్, రాత్రి 9:15

నాలుగు రొట్టెలా! జొన్న గూడ పిండే తమ్మీ. బియ్యం కన్న నిదానంగా షుగర్ పెంచుతది, పెంచకుండ ఉండదు. పూటకు రొట్టె రెండు, పక్కన కూర రొట్టెకు రెట్టింపు: బీర, సొర, తోటకూర, గోంగూర, ఏదైనా. పప్పో గుడ్డో తప్పకుండ. అన్నం పూర్తిగ మాన్పిస్తే పది రోజులకు దొంగతనంగ తింటరు, మా ఆయన్ను అడుగు. ఒక పూట చిన్న గిన్నెడు పెట్టమను, కూర ముందు తిని అన్నం తర్వాత కలుపుకొమ్మను.

మామిడికాయ తొక్కు సంగతి చూడు. బీపీ పెరిగితే కంట్లో లీకు గూడ పెరుగుతది, ఉప్పు అక్కడే ఉంది.

చాయ్ ఎన్ని తాగుతడు?

---

కొత్తవాడ_మగ్గం | 17 జూన్, రాత్రి 9:22

ఏమో. ఇంట్ల రెండే.

---

కొత్తవాడ_మగ్గం | 19 జూన్, రాత్రి 7:40

మగ్గం కాడ కూసొని లెక్కవెట్టిన. ఇంట్ల రెండు, బయట అయిదు. ఒక్కోదాంట్ల చక్కెర రెండు చెంచాలు, రెండుసార్లు ఉస్మానియా బిస్కెట్లు. అంటే పొద్దుందాక 14 చెంచాలు. మేం ఇంట్ల అన్నం బంద్ వెట్టి కూసున్నం.

---

కాజీపేట_లోకో | 19 జూన్, రాత్రి 8:01

😀 దొరికిండు దొంగ. నాది మేడారం బెల్లం. బంగారం అనుకుంట ప్రసాదం లెక్క రోజు ఇంత నోట్లె వేసుకునేటోన్ని. అమ్మవార్లకు మొక్కిన, ముక్క మాత్రం కండ్లకద్దుకొని మనవనికిస్త ఇప్పుడు.

బీడీ ఉంటే అది గూడ చూడుర్రి.

---

కరీంనగర్_ఆప్టో | 20 జూన్, మధ్యాహ్నం 1:15

చాయ్ మాన్పించండి గానీ, షుగర్‌ను ఒక్క నెలలో కిందికి లాగేయాలని గోలీలు మీరే పెంచకండి. చాలా కాలం ఎక్కువగా ఉన్న షుగర్ ఒక్కసారిగా పడిపోతే మొదట్లో రెటీనా ఇంకొంచెం చెడే అవకాశం ఉంది. ముందుకు చూస్తే తగ్గడమే మంచిది, అందులో మార్పు లేదు. డాక్టర్ చేతుల మీదుగా, కంటి పరీక్ష జరుగుతుండగా తగ్గాలి. ఇప్పుడున్న గోలీల్లో పయోగ్లిటజోన్ ఉందేమో చీటీ చూడండి, కొందరిలో అది నీరు పెంచుతుంది. ఆపమనట్లేదు, షుగర్ డాక్టర్‌ను అడగమంటున్నాను. మూత్రంలో ప్రొటీన్, క్రియాటినిన్, రక్తం శాతం కూడా చేయించండి. కంటిలో సన్న రక్తనాళాలు పాడైన మనిషికి కిడ్నీలో ఉండేవీ అలాంటి సన్న రక్తనాళాలే.

---

జగిత్యాల_గల్ఫ్ | 22 జూన్, రాత్రి 11:48

దుబాయ్‌ల ఉంట. వయసు 38. మూడు నెలల కింద ఇన్సూరెన్స్ మెడికల్‌ల షుగర్ పడ్డది. మూడు నెలలే కదా, నాకు గిప్పుడే కండ్లేం పోతయి, చూపు 6/6 ఉంది. వచ్చే ఏడాది ఊరికొచ్చినంక చూపించుకుంటే సరిపోతదా?

---

కరీంనగర్_ఆప్టో | 23 జూన్, మధ్యాహ్నం 12:30

మూడు నెలల కింద తెలిసింది, వచ్చింది ఎప్పుడో ఎవరికి తెలుసు? ఎక్కువమందికి ఉండే టైప్ 2 షుగర్ నాలుగైదేళ్లు చప్పుడు లేకుండా ఉండొచ్చు. అందుకే బయటపడ్డ వెంటనే ఒకసారి రెటీనా చూపించుకోవాలి, అక్కడే. 6/6 అనేది మాక్యులా సంగతి చెబుతుంది, చుట్టుపక్కల రక్తపు చుక్కల సంగతి చెప్పదు.

---

కొత్తవాడ_మగ్గం | 30 జూలై, రాత్రి 10:05

చాన రోజులైంది. ఒక తప్పు జరిగింది. 14 జూలైకి రెండో సూది ఉండె. మొదటిదానికే చూపు మంచిగైంది, మగ్గం ఎక్కిండు, పెద్ద ఆర్డర్ వచ్చింది. "కనబడ్తుంది గదా, మళ్ల ఎందుకు పొడిపిచ్చుకునుడు" అన్నడు. మేం గూడ పైసలు చూసుకొని ఊకున్నం. నాలుగు రోజుల సంది మళ్ల పోగులు వంగుతున్నయట.

---

నయీంనగర్_అక్క | 30 జూలై, రాత్రి 10:40

ఇది రాయొద్దనుకున్న ఇన్ని రోజులు.

2020 మార్చిలో నా ఎడమకంటికి నాలుగో సూది ఉండె. లాక్‌డౌన్ పడ్డది. బస్సుల్లేవు అని నాకు నేనే చెప్పుకున్న, కానీ బస్సులు తిరిగినంక గూడ పోలేదు, చూపు బాగనే ఉంది గదా అని. ఆగస్టుల ఒకరోజు పొద్దున బాసండ్లు తోముతుంటే సాలెగూడు దిగినట్టు కనబడ్డది. చేత్తో తుడిచిన. మధ్యాహ్నానికి ఎర్ర నీళ్లల్ల ముంచిన గుడ్డలోంచి చూస్తున్నట్టయ్యింది. లోపల నరం పగిలింది. తల ఎత్తుగ పెట్టుకొని పడుకొమ్మన్నరు, రక్తం కిందికి దిగుతదని. రెండు నెలలు ఆగినా తేరలే, చివరికి విట్రెక్టమీ, అంటే కంటి లోపలి రక్తం తీసే ఆపరేషన్ చేసిండ్రు. ఇప్పుడు ఆ కంటికి వేళ్లు లెక్కపెట్టేంత చూపే. కుడికంటితో పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్న.

సూది మందు నెల, నెలన్నర పనిచేస్తది. అది దిగినంక లీకు మళ్ల మొదలు. చూపు బాగుందంటే మందు పనిచేస్తుందని, జబ్బు పోయిందని కాదు. సోమవారం తీస్కపో. బాపు వినకపోతే నాకు ఫోన్ చేసి ఇయ్యి.

---

కాజీపేట_లోకో | 31 జూలై, ఉదయం 5:58

తమ్మి, అయ్య ఒక్కడే గుర్తువెట్టుకోవాలె అంటే కాదు. మా ఇంట్ల క్యాలెండర్ మీద గ్యాస్ బండ తారీఖు పక్కన నా కంటి తారీఖు రాస్తది మా ఇంటామె. హైదరాబాద్ పోవుడైతె అవ్వను తోడు పంపు. ఎక్స్‌ప్రెస్ బస్సుల ఆధార్ చూపెడ్తె ఆడోళ్లకు టికెట్ లేదు, ఒక్క టికెట్ తోటి ఇద్దరు ఉప్పల్ల దిగుతరు.

---

కొత్తవాడ_మగ్గం | 2 సెప్టెంబర్, రాత్రి 9:10

4 ఆగస్టు రెండోది, నిన్న మూడోది అయినయి. నిన్నటి స్కాన్‌ల కుడి 331, చూపు 6/18. ఎడమల గూడ చిన్న రక్తపు చుక్కలు ఉన్నయి, ఇప్పటికి సూది అవసరం లేదు, చూసుకుంట ఉండాలె అన్నరు. మూడు నెలల షుగర్ 8.3. చాయ్ మూడుకొచ్చింది, చక్కెర లేకుండ. బిస్కెట్ మాత్రం ఒకటి తింటడు, నేను చూడనట్టుంట.

బాపు సోమవారం సోమవారం పడుగు ముంగట నిలబడి ఒక కన్ను మూసి చూస్తడు. ఎర్రపోగు ఒకటి గుర్తు వెట్టుకున్నడు, గది వంగితె చెప్తడట. మెరూన్ పేక మాత్రం ఇప్పుడు నేను తీసిస్తున్న, రంగు ఇంక సరిగ్గ తెల్వది. సన్నపు డిజైన్ పని పక్కింటి కాకకు ఇచ్చినం, బాపు చారల జంపఖానలే నేస్తున్నడు.

---

జగిత్యాల_గల్ఫ్ | 5 సెప్టెంబర్, రాత్రి 11:20

చూపించుకున్న. రెండు కండ్లల్ల మొదటి దశ చుక్కలు ఉన్నయట. మందేం లేదు, షుగర్, బీపీ చూసుకో, ఏడాదికి మళ్ల రా అన్నరు. ఇక్కడ అడగకపోతే నేను పోకపోదును. కొత్తవాడ అన్నా, బాపుకు నమస్తే చెప్పు.

---

కొత్తవాడ_మగ్గం | 25 సెప్టెంబర్, రాత్రి 8:45

నాలుగో సూది 29, అంటే సద్దుల బతుకమ్మ ముందు రోజు. 2 అక్టోబర్ దసరా. ఆ రోజు బాపు తలకు పోసుకోకుంట జమ్మికి పోడు. మూడు రోజులకే కంట్ల నీళ్లు పడొద్దు గదా. తారీఖు మార్చుమని అవ్వ అంటుంది.

---

నయీంనగర్_అక్క | 25 సెప్టెంబర్, రాత్రి 9:02

తారీఖు మార్చొద్దు. తలస్నానం ఎప్పటినుంచి చేయొచ్చో సూది రోజే డాక్టర్‌ను అడుగు, నాకైతే మూడు రోజులు వద్దన్నరు. అప్పుడు గూడ ముందుకు వంగి చెంబుతో పోసుకునుడు వద్దు. కుర్చీల కూసోబెట్టి, మెడ కింద తువ్వాల పెట్టి, తల వెనుకకు వంచి నువ్వు పొయ్యి. రెప్పల మీద పొడి గుడ్డ. మా ఆయన నాకు పోయిన ఉగాదికి అట్లనే పోసిండు, సెలూన్ల లెక్క.

---

కొత్తవాడ_మగ్గం | 25 సెప్టెంబర్, రాత్రి 9:11

సరే అక్క. కుర్చీ ఉంది.